తువ్వాలు కింద బేరమా, బయటి వేలమా: డెబియన్, ఉబుంటు, ఫెడోరా, బీఎస్‌డీల సంగతి

ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ళ ఇంజనీరింగ్ కాలేజీలో అరవై కంప్యూటర్ల ల్యాబ్‌లో విండోస్ తీసేసి ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలనుకుంటున్నారు. స్టాఫ్ రూములో ఒకరు ఉబుంటు అంటే ఇంకొకరు ఫెడోరా అంటారు, ఒకాయన డెబియన్ తప్ప మరొకటి వద్దంటాడు, ఫైనలియర్ కుర్రాడొకడు ఓపెన్‌బీఎస్‌డీ అని పట్టుబట్టి కూర్చున్నాడు. మొదటి మూడూ లినక్స్ రకాలు, చివరిది యూనిక్స్ వంశంలోని బీఎస్‌డీ రకం. "అందరూ మాదే ఓపెన్ అంటున్నారన్నా. కోడ్ అన్నిటిదీ దొరుకుతుంది. మరి నిజంగా పదిమంది ముందర తయారయ్యేది ఏది? మన పిల్లలు రేపు అందులో చెయ్యి పెట్టగలిగేది ఏది?" ఇదీ ప్రశ్న.

నేను అనంతపురంలో ఇరవై ఏళ్ళకు పైగా కాలేజీ ల్యాబులు, సర్వర్లు చూసుకుంటున్నవాణ్ణి. ఓపిక లేనివాళ్ళ కోసం జవాబు ముందే చెప్పేస్తాను. నిర్ణయాలు అందరి ముందర జరిగేది డెబియన్‌లో. మార్పులు ఎప్పటికప్పుడు బయటికి కనిపించడం వీటన్నిటిలో ఉంది, ఆ అలవాటు మొదలుపెట్టింది ఓపెన్‌బీఎస్‌డీ. ఫెడోరా నేను ఒకప్పుడు అనుకున్నదానికంటే చాలా మెరుగు. ఉబుంటు వాడటానికి హాయి, కానీ దాని పెద్ద మలుపులు చాలావరకు లోపలి గదిలో తిరిగాయి. కారణాలు కావాలంటే మాత్రం కొంచెం పొడుగవుతుంది.

మాది పత్తికొండ పక్క పల్లె. చిన్నప్పుడు మా నాయన ఎద్దులు అమ్మడానికి ఎమ్మిగనూరు జాతరకు పోతే నేనూ వెంటపడేవాణ్ణి. అక్కడ పశువును దాచేదేమీ ఉండదు. పళ్ళు చూడొచ్చు, సుళ్ళు చూడొచ్చు, నడిపించి చూడొచ్చు. ధర మాత్రం తువ్వాలు కింద. దళారి, మా నాయన చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుని వేళ్ళు నొక్కుకునేవాళ్ళు. చుట్టూ ముప్పై మంది నిలబడి ఉన్నా ఒక్కడికీ అంకె తెలియదు. అదే మా ఊళ్ళో చింతచెట్ల వేలమైతే రచ్చబండ దగ్గర పాట పాడేవాళ్ళు. ఎవరు ఎంత పెంచారో, ఎవరు ఎక్కడ తగ్గారో, ఎవరికి ఎవరి మీద కోపమో ఊరంతటికీ తెలిసేది.

సోర్స్ కోడ్ దొరకడం అంటే ఎద్దు పళ్ళు చూడనివ్వడం. లైసెన్సు మనకు ఇచ్చేది అంతవరకే: చూడు, వాడు, మార్చు, పంచు. రేపు ఏం పెట్టాలి, ఏం తీసెయ్యాలి, ఎందుకు అనే బేరం ఎక్కడ జరుగుతుందో లైసెన్సులో ఉండదు. దీనికి ఉదాహరణ మనందరి జేబులోనే ఉంది, ఆండ్రాయిడ్. 2011లో ట్యాబ్లెట్ల కోసం 3.0 వచ్చినప్పుడు గూగుల్ దాని సోర్సును వెంటనే ఇవ్వలేదు. అదే ఏడాది చివర 4.0 సోర్సుతో కలిపి బయటపెట్టింది. 2025 మార్చిలో అయితే ఇకపై ఆండ్రాయిడ్ పని మొత్తం లోపలి శాఖల్లోనే జరుగుతుందని, తయారయ్యాక సోర్సు విడుదల చేస్తామని కంపెనీయే చెప్పింది. లైసెన్సు మారలేదు. ఎద్దును ఇంటికి తోలుకొచ్చాక పళ్ళు చూసుకోమన్నట్టు.

కాబట్టి స్టాఫ్ రూములో "కోడ్ ఎవరిది ఓపెన్" అన్న వాదన ఆపేయండి. కొట్లాట ఎక్కడ జరుగుతుంది, దాన్ని బయటివాడు చదవగలడా, చదివినవాడు మాట్లాడగలడా, మాట్లాడితే లెక్కలోకి వస్తుందా అన్నవి అడగండి. ఇవన్నీ ఒకేచోట దొరకవు, ఒక్కో ప్రాజెక్టు ఒక్కోచోట తలుపు వేసుకుంటుంది.

మీ ఫైనలియర్ కుర్రాడు చెప్పేదాంట్లో నిజముంది. 1990ల మొదట్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే కూడా పూర్తయిన విడుదలలు, మధ్యమధ్య ఇచ్చే కాపీలే. పని జరుగుతున్న సీవీఎస్ చెట్టు, అంటే ఏ లైను ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో రాసి ఉండే ఖాతా, లోపలివాళ్ళకే. థియో డి రాట్ నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో బీఎస్‌డీ ప్రాజెక్టు స్థాపకుల్లో ఒకడు. 1994 డిసెంబరులో మిగిలినవాళ్ళు అతణ్ణి ప్రాజెక్టు నడిపే కోర్ టీమ్ నుంచి పంపించేశారు. నోటి దురుసుతనం కారణమన్నారు, అది అతని శత్రువులు ఒక్కరే అనే మాట కాదులే. దాంతో తను కట్టిన ఇంట్లోకి తనకే తాళం. 1995లో సొంతంగా ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టినప్పుడు అతను, చక్ క్రేనర్ కలిసి ఎవరైనా పేరు చెప్పకుండానే చెట్టు మొత్తం దించుకుని చదివే అనానిమస్ సీవీఎస్ ఏర్పాటు చేశారు. ఆ పేరులో ఉన్న "ఓపెన్" దీన్నే చెబుతుంది. ఈరోజు మన పిల్లలు గిట్ క్లోన్ అని కొట్టి అరనిమిషంలో చరిత్రంతా దించుకుంటున్నారు కదా, అది అప్పట్లో ఎవరూ చేయని పని.

అయితే చూడనివ్వడం వేరు, చేరనివ్వడం వేరు. ఓపెన్‌బీఎస్‌డీలో ఎన్నికలు లేవు. ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పుల ముక్కలు, మెయిలింగ్ లిస్టులో వస్తాయి, ఇంకో డెవలపర్ "ఓకే" అన్నాక చెట్టులోకి వెళ్తాయి. చెట్టులో నేరుగా మార్పు పెట్టే కమిట్ హక్కు అడిగితే వచ్చేది కాదు, పని చూసి వాళ్ళే పిలుస్తారు. పెద్ద మార్పులు చాలా హ్యాకథాన్‌లలో, ఎదురెదురుగా కూర్చున్నప్పుడు పుడతాయి. బగ్ చెప్పడానికి కూడా మెయిలే, డెబియన్‌లో ఉన్నట్టు ప్రతి బగ్‌కూ నంబరు వేసి అందరికీ చూపించే పట్టిక లేదు. కిటికీలన్నీ తెరిచే ఉంటాయి, వాకిలి మాత్రం పిలిచినవాళ్ళకే. నాకు నచ్చేది ఏమిటంటే వాళ్ళు దీన్ని దాచరు. మాకు కావలసింది మేము రాసుకుంటున్నాం, మీకు పనికొస్తే వాడుకోండి అంటారు. సంఘం, కుటుంబం, మీ గొంతు మాకు ముఖ్యం అంటూ పోస్టర్లు వేసి లోపల వేరే చేసేవాళ్ళకంటే ఈ మాట నయం.

ఇంకో బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ, ఈ విషయంలో పద్ధతిగా ఉంటుంది. 2000 నుంచి తొమ్మిది మంది కోర్ టీమ్‌ను రెండేళ్ళకోసారి ఎన్నుకుంటున్నారు. ఓటు కమిట్ హక్కు ఉన్నవాళ్ళకే. కొత్తగా హక్కు వచ్చినవాడికి కొన్నాళ్ళు ఒక పెద్ద తోడుంటాడు. మన ల్యాబ్‌కు ఇది పెద్దగా అవసరం రాదు కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

ఉబుంటు, ఫెడోరా, డెబియన్ మూడింటి కడుపులో ఉన్నది లినక్స్ కెర్నలే, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే గుండెకాయ. అక్కడ ప్రజాస్వామ్యం అనుకుంటే పొరపాటు. చివరి మాట దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌ది. విడుదల తర్వాత రెండు వారాలు కొత్తవి కలుపుకునే గడువు, ఆపైన వారానికొక ఆర్‌సీ (పరీక్షకు వదిలే ముసాయిదా), మొత్తం తొమ్మిది పది వారాలకు ఒక కొత్త వెర్షన్. ఒక్కో వెర్షన్‌లో రమారమి 2,000 మంది రాసినవి కలుస్తాయి. ఓటు లేకపోయినా తిట్లతో సహా అంతా మెయిలింగ్ లిస్టులో పడుతుంది. 2004 నుంచి ప్రతి ప్యాచ్ కింద "ఇది పంపే హక్కు నాకుంది" అని సంతకం లైను తప్పనిసరి. అంటే రాజరికమే గానీ దర్బారు మైదానంలో నడుస్తుంది.

ఈ దర్బారుకూ ఒక మచ్చ ఉంది. 2002 నుంచి 2005 దాకా కెర్నల్ చరిత్రను బిట్‌కీపర్ అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు. ఫ్రీగా ఇచ్చారు గానీ షరతులతో. పోటీ సాధనం మీద పని చేసేవాడు దాన్ని ముట్టుకోకూడదు. ప్రపంచంలో పేరుమోసిన ఫ్రీ కెర్నల్ ఖాతా పుస్తకం తెరవడానికి ఒక కంపెనీ అనుమతి! ఆండ్రూ ట్రిడ్జెల్ దాని సర్వర్‌తో మాట్లాడే వేరే సాధనం రాయబోయేసరికి కంపెనీకి కోపం వచ్చి ఫ్రీ లైసెన్సు ఎత్తేసింది. 2005 ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ కొన్ని రోజుల్లో రాసి పడేసిన ఖాతా సాధనమే గిట్. ఉబుంటుదీ ఇలాంటి కథే. బగ్‌లు, అనువాదాలు, ప్యాకేజీలు అన్నీ నడిచే లాంచ్‌ప్యాడ్ 2009 జులై దాకా ఉబుంటు వెనకున్న కంపెనీ కెనానికల్ వాళ్ళ మూసిన సాఫ్ట్‌వేరే. బయటివాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే అప్పుడు తెరిచారు. ఈరోజు ఉబుంటు యాప్‌లు దించుకునే స్నాప్ స్టోర్ సర్వరు పరిస్థితీ అదే. మన కంప్యూటర్‌లో ఉండే ముక్క ఓపెన్, అవతల ఉన్న కొట్టు వాళ్ళది.

ఉబుంటు మీద నాకు కోపం లేదు. 2004 అక్టోబరులో మొదటి విడుదల వచ్చాక పోస్టులో ఉచితంగా సీడీలు పంపేవాళ్ళు. మా ల్యాబ్ బీరువాలో ఆ గోధుమరంగు కవర్లు ఇంకా ఉన్నాయి. డయలప్ మీద బతుకుతున్న ఊళ్ళకు అది చిన్న విషయం కాదు. కానీ ప్రశ్న ఓపెన్‌గా తయారవుతుందా అన్నది కాబట్టి చెప్పాల్సింది చెప్పాలి. 2010లో 10.04 విడుదల ముంగిట కిటికీల మూసే బటన్లు కుడి నుంచి ఎడమకు మార్చారు. జనం గోల పెట్టారు. డేటా ఇవ్వండి, అభిప్రాయం చెప్పండి, కానీ ఇది ప్రజాస్వామ్యం కాదు, డిజైన్ మీద ఓట్లు ఉండవు అన్న అర్థంలో ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ జవాబిచ్చాడు. సూటిగా చెప్పాడు, ఆ మేరకు మెచ్చుకోవాలి. 2012లో 12.10 వచ్చేముందు, విడుదలకు కొన్ని వారాలే ఉండగా, డ్యాష్ అనే వెతుకులాట పెట్టెలో మనం కొట్టే మాటలకు అమెజాన్ సరుకులు చూపించే ఏర్పాటు దిగింది. నీ ఫైలు కోసం నువ్వు కొట్టే మాట బయటికి పోతోందని జనానికి తెలిసింది అది వచ్చి పడ్డాకే. 16.04 వచ్చేదాకా అది మామూలు సెట్టింగ్‌గానే ఉంది. తెరమీద కిటికీలు చూపించే మిర్ అనే డిస్‌ప్లే సర్వరును నెలల తరబడి లోపల రాసి 2013 మార్చిలో ప్రకటించారు. అప్పటికే అదే పనికి వేలాండ్ అనే దాని మీద పని చేస్తున్నవాళ్ళకు అది పక్కింటివాడు రాత్రికి రాత్రి గోడ కట్టినట్టయింది. 2017లో యూనిటీ డెస్క్‌టాప్‌ను వదిలేసి గ్నోమ్‌కు తిరిగొచ్చినప్పుడూ అంతే, నిర్ణయం ఒకరిది, వార్త అందరిదీ.

దీని పక్కన ఫెడోరాను పెట్టి చూడండి. వెనక రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ ఉంది, 2019 నుంచి దాని వెనక ఐబీఎం ఉంది. మొదట్లో నేను దీన్ని కంపెనీ ప్రయోగశాల అని కొట్టిపారేసేవాణ్ణి. అప్పట్లో అది నిజం కూడా. 2003లో మొదలైనప్పుడు "కోర్" ప్యాకేజీలు ఉద్యోగుల చేతిలో, బయటివాళ్ళకు "ఎక్స్‌ట్రాస్" అన్న వసారా. 2007లో ఫెడోరా 7తో ఈ రెండూ కలిసిపోయాయి, ఆ రోజు నుంచి లెక్క మారింది. ఇప్పుడు పెద్ద మార్పు ఏదైనా ముందు ప్రతిపాదనగా రాయాలి. ఎందుకు, ఎవరు చేస్తారు, చెడిపోతే వెనక్కి ఎలా పోతాం అన్నవి అందులో ఉండాలి. దాని మీద చర్చ జరిగాక ఎన్నికైన ఫెస్కో కమిటీ ఓటు వేస్తుంది. మీటింగుల లాగ్‌లు బయటే ఉంటాయి. 2023 జులైలో వాడకం వివరాలు సేకరించే టెలిమెట్రీ పెడదామని రెడ్ హ్యాట్ ఉద్యోగులే ప్రతిపాదించారు. వందల జవాబులు, చీవాట్లు. విషయం అమెజాన్ గొడవ లాంటిదే. ఉబుంటులో జనం చూసింది వచ్చి పడ్డ వస్తువును, ఫెడోరాలో చూసింది ఒక కాగితాన్ని. కాగితం మీద ఉన్నప్పుడే కొట్లాడే వీలుండటమే నేను ఓపెన్ అనేది.

రెడ్ హ్యాట్ మొత్తం ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. రెడ్ హ్యాట్ సర్వర్ లినక్స్‌కు ఉచిత నకలైన సెంట్‌ఓఎస్ 8కు 2029 దాకా మద్దతు ఉంటుందని అందరూ అనుకుంటుంటే, 2020 డిసెంబరులో ఒక ప్రకటనతో దాన్ని 2021 చివరికి కుదించేశారు. సర్వర్లు దాని మీద కట్టుకున్నవాళ్ళకు ముందుమాట లేదు. ఒకే కొమ్మకు కాసినా చింతకాయలో పులుపు వేరువేరుగా ఉంటుంది. ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టింది ఆ కోపంలోంచే.

ఇక డెబియన్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. 1997లో ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. అందులో ఒక వాక్యం నాకు అన్నిటికంటే ఇష్టం: సమస్యలను దాచం. బగ్‌ల పట్టిక ఎప్పుడూ జనానికి తెరిచే ఉంటుంది. అకౌంటు కూడా అక్కర్లేదు, మెయిల్ పంపితే బగ్ నమోదవుతుంది, దానికొక నంబరు, ఆ నంబరు కింద జరిగే సంభాషణంతా ఎవరైనా చదవొచ్చు. 1998 నుంచి రాజ్యాంగం ఉంది. వెయ్యి మంది దాకా ఉన్న డెవలపర్లు ఏడాదికోసారి నాయకుణ్ణి ఎన్నుకుంటారు. ఆ నాయకుడికి అధికారాలు మన సర్పంచుకున్నన్ని కూడా ఉండవు, ఒక ప్యాకేజీలో ఏముండాలో దాన్ని చూసుకునే మెయింటెయినర్‌కు ఆజ్ఞ వేయలేడు. తగువు తెగకపోతే సాంకేతిక కమిటీ, అది కూడా నచ్చకపోతే అందరి ఓటు. వెనక ఓ యజమాని లేడు, ఎప్పుడు తయారైతే అప్పుడే విడుదల.

బయట జరిగితే గొడవలు తగ్గుతాయని కాదు. సిస్టమ్‌డీ తగువు చదివితే మీకే తెలుస్తుంది. కంప్యూటర్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రాం ఏది ఉండాలన్న ప్రశ్న, వినడానికి ఇంతే. 2014 ఫిబ్రవరిలో ఎనిమిది మంది కమిటీలో ఓట్లు సమానంగా చీలి, అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. అంతటితో ఆగలేదు. నెలల తరబడి మెయిళ్ళు, కమిటీ నుంచి రాజీనామాలు, ఆ నవంబరులో అందరి ఓటు. గెలిచిన ఎంపిక ఏమిటో తెలుసా? "దీని మీద తీర్మానం అక్కర్లేదు" అన్నది! నచ్చనివాళ్ళు దేవువాన్ అని వేరు కాపురం పెట్టారు. ఇదంతా అక్షరం పోకుండా చదవొచ్చు. ఇంటి గుట్టు బజారున పడిందని నవ్వినవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం మా ఎంసీఏ పిల్లలకు ఆ మెయిళ్ళే పాఠంగా చెప్పాను. రెండు వైపులా తెలివైనవాళ్ళు, రెండు వైపులా కారణాలు ఉన్నప్పుడు ఇంజనీర్లు ఎలా వాదిస్తారో టెక్స్ట్‌బుక్‌లో ఎక్కడుంది?

ల్యాబ్‌వాళ్ళకు నేరుగా తగిలే ఉదాహరణ ఇంకొకటి. డెబియన్ ఇన్‌స్టాల్ చేస్తుంటే వైఫై కార్డు పట్టుకోదని వెనకటికి అందరం తిట్టుకునేవాళ్ళం. కారణం, కార్డులో ఎక్కే ఫర్మ్‌వేర్‌కు సోర్సు లేదు కాబట్టి అధికారిక సీడీలో పెట్టరు. వాడేవాడి ఇబ్బందా, సూత్రమా? 2022లో దీన్ని ఓటుకు పెట్టారు. ఫర్మ్‌వేర్ ఉన్న ఇన్‌స్టాలర్ గెలిచింది, సామాజిక ఒప్పందంలోనే ఆ మేరకు మాట మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై తిప్పలు బాగా తగ్గాయి. ఓడిపోయినవాళ్ళ వాదన కూడా పక్కనే భద్రంగా ఉంది, చదువుకోవచ్చు.

డెబియన్‌లోనూ మూసిన గది ఉంది. సభ్యులకు మాత్రమే కనిపించే ఒక ప్రైవేటు లిస్టు ఉంది. పైగా 2021లో ఒక వివాదం మీద ఓటు జరిగినప్పుడు ఎవరు దేనికి వేశారో బయట పడితే వేధిస్తారన్న భయం కలిగి, మరుసటేడు ఓట్లు రహస్యంగా ఉంచాలని తీర్మానించుకున్నారు. సమస్యలు దాచం అన్నవాళ్ళే ఓట్లు దాచారని ఎగతాళి చేయొచ్చు. మనమూ పోలింగ్ బూత్‌లో అట్ట చాటున నిలబడే ఓటేస్తాం కదా, చర్చ బయట, ఓటు లోపల. నాకు తప్పనిపించలేదు.

రహస్యం అవసరమయ్యే చోటు ఇంకొకటి, సెక్యూరిటీ లోపాలు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. అంతకు ముందు 2017 చివర్లో కెర్నల్ లిస్టులో మెమరీ విడదీసే ప్యాచ్‌లు అసాధారణ వేగంతో కలిసిపోతున్నాయి, ఎందుకో ఎవరూ చెప్పరు. తువ్వాలు కదులుతోంది, అంకె కనిపించడం లేదు. ఆ రహస్యం కూడా అందరికీ సమానం కాలేదు. పెద్ద కంపెనీలకు నెలల ముందు తెలిస్తే ఫ్రీబీఎస్‌డీకి డిసెంబరులో తెలిసింది, ఓపెన్‌బీఎస్‌డీకి లోకంతో పాటే. ఎవరికి ముందుగా చెప్పాలన్నది నిర్ణయించేది లైసెన్సు కాదు, పలుకుబడి.

ఇంతా చెప్పి, అన్నీ బయట ఉన్నా చదివేవాడు లేకపోతే ఏమవుతుందో చెప్పకపోతే నేను డెబియన్ భజన చేసినట్టవుతుంది. 2006లో డెబియన్‌లో రహస్య సంకేతాలకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చూసుకునే ఆయన ఒక హెచ్చరిక పోగొట్టడానికి రెండు లైన్లు తీసేద్దామా అని లిస్టులో బహిరంగంగానే అడిగాడు. ఫర్వాలేదన్నట్టు జవాబులొచ్చాయి, తీసేశాడు. దాంతో రహస్య కీలు, అంటే తాళంచెవులు, తయారు చేసే యాదృచ్ఛికత చచ్చిపోయి, ఒక్కో రకానికి 32 వేల చిల్లర కీలే పుట్టగలిగాయి. బయటపడింది 2008 మేలో. రెండేళ్ళు ఆ లైన్లు నడిబజారులో ఉన్నాయి. 2024 మార్చి 29న బయటపడ్డ, ఫైళ్ళు కుదించే ఎక్స్‌జెడ్ (xz) మీది కుట్ర ఇంకా ఘోరం. ఒక మారుపేరు మనిషి రెండేళ్ళకు పైగా మంచి ప్యాచ్‌లు పంపి, అలసిపోయిన ఒంటరి మెయింటెయినర్ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగ తలుపు పెట్టాడు. మెయింటెయినర్‌ను వేరే పేర్లతో వేధించి "ఇంకొకరికి అప్పగించు" అన్న మెయిళ్ళూ బహిరంగ లిస్టులోనే ఉన్నాయి. గమనించాల్సింది ఇంకోటి: ఆ దొంగ తలుపును తెరిచే లైను గిట్‌లో లేదు, విడుదల కోసం కట్టిన మూటలోనే ఉంది. ఖాతా ఒకటి, సరుకు ఒకటి. డెబియన్ టెస్టింగ్ శాఖలోకి, ఫెడోరా ప్రయోగ శాఖలోకి అది వచ్చేసింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజనీరు తవ్వకపోయి ఉంటే మన సర్వర్లకూ వచ్చేది. తవ్వడానికి అతనికి ఎవరి అనుమతీ అవసరం పడలేదు. మూసిన సిస్టమ్‌లో ఆ అర సెకను మీద ఫిర్యాదు నంబరు తీసుకుని కూర్చోవాల్సిందే.

మన తెలుగువాళ్ళకు ఇది బాగా తెలియాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న మన అక్షరం ఒక మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయేవి, గుర్తుందా? వారంలోపే ఆపిల్ అప్‌డేట్ ఇచ్చింది. కానీ లోపల ఏ లైను తప్పో చూద్దామంటే అక్షరాలు పేర్చే ఆ కోడ్ మూసిపెట్టిన పెట్టె. జ్ఞానానికి వచ్చిన జబ్బు, మందు వాళ్ళ దగ్గర, రోగం పేరు కూడా వాళ్ళ దగ్గరే.

అంతకు ఏడేళ్ళ ముందు మాకు హాల్ టికెట్లలో ఇలాంటిదే ఎదురైంది. తెరమీద "లక్ష్మి" చక్కగా ఉండేది, ప్రింట్ తీస్తే వత్తు జారి పక్క అక్షరం కిందికి పోయేది. మన సీమలో ఒక్కో బ్యాచ్‌కు ఎంతమంది లక్ష్మీదేవులు, లక్ష్మీనారాయణలు ఉంటారో చెప్పాలా. "ఏమప్పా, పిల్లల పేర్లు కూడా రాయలేదా నీ లినక్స్‌కు?" అని సూపరింటెండెంట్ మొహం మీదే అడిగాడు. అప్పుడు మా దగ్గర రెండు రకాల లినక్స్ డిస్ట్రోలు ఉండేవి. ఒకదానికి అకౌంటు తెరిచి, ఫారం నింపి బగ్ రాశాను. ఏడాది తర్వాత "ఈ వెర్షన్ గడువు తీరింది కాబట్టి మూసేస్తున్నాం" అని మిషను రాసిన మెయిల్ వచ్చింది. దాని పేరు చెప్పను, ఇప్పుడు పరిస్థితి మారి ఉండొచ్చు. డెబియన్‌కు ప్రింటు ఫోటో జతచేసి మెయిల్ పంపాను. నాలుగు రోజులకు ఎవరో ముక్కూమొహం తెలియనాయన జవాబు: తప్పు మా ప్యాకేజీలో లేదు, ఫాంటులోని పట్టికలో ఉంది, అది తయారు చేసేవాళ్ళకు పంపించాను, ఇదిగో లింకు. లింకు నొక్కితే అక్కడ జరుగుతున్న సంభాషణ కనిపించింది. పరిష్కారం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, తొందరగా జరిగిందని అననుగానీ ఆ ఎనిమిది నెలలూ నా బగ్ ఎవరి బల్ల మీదుందో నాకు తెలుసు. సూపరింటెండెంట్‌కు తీసుకెళ్ళి చూపించాను కూడా.

ఇక మీ ల్యాబ్. యాభై ఎనిమిదింటిలో డెబియన్ స్టేబుల్ (స్థిరమైన విడుదల) వేయండి. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఎంచుకోవచ్చు, ఒక సెక్షన్ పిల్లలతో తెలుగులోనే ఇన్‌స్టాల్ చేయించి అనువాదం తప్పులు పట్టించండి, అదే మొదటి బగ్ రిపోర్ట్ అవుతుంది. ఒకదానిలో ఫెడోరా పెట్టి, ఆరునెలలకోసారి వచ్చే మార్పుల ప్రతిపాదనలు చదివించండి. మిగిలిన ఒక్కటి ఆ ఫైనలియర్ కుర్రాడికి ఇచ్చేయండి, ఓపెన్‌బీఎస్‌డీ వేసి ల్యాబ్ ఫైర్‌వాల్‌గా నడపమనండి. మ్యాన్ పేజీలు, అంటే వాడకం వివరాలు, అంత శ్రద్ధగా రాసేవాళ్ళు ఇంకొకరు లేరు, వాడు బాగుపడతాడు. ఉబుంటు అలవాటైన స్టాఫ్‌కు డెబియన్ పరాయిది అనిపించదు, ఉబుంటు పునాది డెబియనే కాబట్టి.

పిల్లలు డెబియన్‌లో పూర్తి సభ్యులు కావాలంటే ఒక చిక్కుంది. వాళ్ళ జీపీజీ కీ (గుర్తింపుకు వాడే డిజిటల్ తాళంచెవి) మీద ఇప్పటికే సభ్యులైనవాళ్ళు మనిషిని చూసి సంతకం చేయాలి. ప్రొద్దుటూరులో అలాంటివాళ్ళు దొరక్కపోవచ్చు, బెంగళూరో హైదరాబాదో పోవాల్సి రావచ్చు. 2023 సెప్టెంబరులో డెబియన్ వాళ్ళ సమావేశం డెబ్‌కాన్ఫ్ మన పక్కన కొచ్చిలోనే జరిగింది. ఆ సంతకం మొదటి రోజే అవసరమయ్యేది కాదు. ప్యాకేజీలు చూసుకోవడం, అనువాదం, బగ్‌లు తేల్చడం సభ్యత్వం లేకుండానే ఏళ్ళ తరబడి చేయొచ్చు.

బగ్ పంపడానికి రిపోర్ట్‌బగ్ అనే సాధనం ఉంది. కాలేజీ ఫైర్‌వాల్ మెయిల్ పోనివ్వకపోతే మామూలు మెయిల్ నుంచే పంపొచ్చు, మొదటి లైన్లలో ప్యాకేజీ పేరు, వెర్షన్ ఉంటే చాలు. పంపేముందు ఒక్క జాగ్రత్త. ఆ మెయిల్ ఐడీతో సహా మొత్తం లోకానికి కనిపిస్తుంది, గూగుల్‌లో దొరుకుతుంది, తీసేయమంటే తీసేయరు. మన పిల్లలకు మెయిల్ కింద రోల్ నంబరు, ఫోన్ నంబరు, ఊరు పేరు పెట్టే అలవాటు ఉంది. ఆ సిగ్నేచర్ ముందే తీసేయించు తమ్ముడూ.